32 క్యాచ్‌లు ఎంత చెబుతాయి?

కరోలినా పాంథర్స్ జట్టు 2024 సీజన్‌లో ప్రత్యర్థులకు 534 పాయింట్లు అప్పగించింది. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఒక సీజన్‌లో ఇంతకంటే ఎక్కువ ఇచ్చుకున్న జట్టు లేదు. అంతకుముందు ఆ అపకీర్తి 1981 నాటి బాల్టిమోర్ కోల్ట్స్‌ది, 533 పాయింట్లతో. నలభై మూడేళ్లు నిలిచిన రికార్డు ఒక్క పాయింటుతో చేతులు మారింది. అయితే కోల్ట్స్ ఆడినవి 16 ఆటలు, పాంథర్స్ ఆడినవి 17. ఆటకు సగటు తీస్తే కోల్ట్స్ 33.3 ఇచ్చారు, పాంథర్స్ 31.4. రికార్డుల్లోకి ఎక్కింది పాంథర్స్ పేరు, ఆటాటకీ ఎక్కువ దెబ్బలు తిన్నది కోల్ట్స్.

మొత్తం చూసి తొందరపడితే ఎలా పొరబడతామో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఆ పాంథర్స్ జట్టులోనే ఉన్న ఒక కుర్రాడి లెక్కలు చదివేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. పేరు జేలెన్ కోకర్. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని రిసీవర్. తొలి ఏడాది 11 ఆటలు ఆడాడు. అతనివైపు విసిరిన బంతులు 46, అందులో పట్టినవి 32, వాటితో సంపాదించినవి 478 గజాలు, 2 టచ్‌డౌన్లు. జట్టు 17 ఆటల్లో 5 గెలిచి 12 ఓడింది.

ఇతనిలో పస ఉందని పాంథర్స్ సొంత ఊరు షార్లెట్‌లో అభిమానులు ఆ శీతాకాలమంతా చెప్పుకున్నారు. ఉందా? ఉంటే ఎంత? ఐదు అంకెలతో ఎంతదూరం వెళ్లగలమో చూద్దాం.

ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం రెండు ముక్కలు. జట్టుకు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు, ఆలోగా పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్లది. బంతితో ఎదుటివాళ్ల గోల్ గీత దాటితే టచ్‌డౌన్. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, పరుగెత్తి దాన్ని అందుకునేవాడు రిసీవర్. ఒక రిసీవర్‌ని ఉద్దేశించి విసిరిన ప్రతి బంతినీ 'టార్గెట్' అంటారు, పట్టినా పట్టకపోయినా. రిసీవర్ లెక్కలన్నింటికీ పునాది ఈ టార్గెటే. టీవీలో మాత్రం దాని గురించి తక్కువ మాట్లాడతారు, టచ్‌డౌన్ల గురించి ఎక్కువ మాట్లాడతారు.

డ్రాఫ్ట్ సంగతి. ఏటా వసంతంలో 32 జట్లు ఏడు రౌండ్లలో కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి. 2024లో డెట్రాయిట్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో 257 మందిని తీసుకున్నారు. మొదటి రౌండ్‌లోనే ఏడుగురు రిసీవర్లు వెళ్లిపోయారు, మొత్తమ్మీద ముప్పై మందికి పైగా. కోకర్ పేరు ఎవరూ పిలవలేదు. ఐపీఎల్ వేలంలో అమ్ముడుపోని ఆటగాడి పరిస్థితే ఇది, కాకపోతే ఒక తేడా ఉంది. డ్రాఫ్ట్ ముగిసిన మరుక్షణం నుంచి ఏజెంట్ల ఫోన్లు మోగుతాయి, ఏ జట్టుకి వెళ్లాలో ఆ కుర్రాడే తేల్చుకుంటాడు. ఎంపికైనవాడికి ఆ స్వేచ్ఛ లేదు, పిలిచిన చోటికి పోవాల్సిందే. తెలివైన ఏజెంట్ ఆ గంటలో చూసేది జట్టు గొప్పతనాన్ని కాదు, ఆ జట్టులో రిసీవర్ల వరస ఎంత పల్చగా ఉందన్నదాన్ని. 2023లో 17 ఆటలకు 2 మాత్రమే గెలిచిన పాంథర్స్‌లో ఆ వరస పల్చగానే ఉంది.

కోకర్‌ని ఎందుకు వదిలేశారంటే దానికీ అంకెలే కారణం. అతను చదివింది మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఉన్న హోలీ క్రాస్ కాలేజీ. పెద్ద ఫుట్‌బాల్ విశ్వవిద్యాలయాలకు ఒక మెట్టు కింద ఆడే కాలేజీ అది. చివరి ఏడాది, అంటే 2023లో, 59 క్యాచ్‌లు, 1,040 గజాలు, 15 టచ్‌డౌన్లు. ఎవరిమీద కొట్టాడు అన్నదే ప్రశ్న. డ్రాఫ్ట్‌కి ముందు జరిగే శారీరక పరీక్షల్లో నిలుచున్న చోటునుంచి 42.5 అంగుళాలు ఎగిరాడు, అంటే మీటరు దాటి. అది అరుదైన ఎత్తు. కానీ 40 గజాల పరుగు 4.57 సెకన్లలో ముగించాడు. అదే మైదానంలో అదే వారం జేవియర్ వర్తీ అనే రిసీవర్ 4.21 సెకన్లలో పరిగెత్తి కొత్త రికార్డు పెట్టాడు. మూడో వంతు సెకను తేడా. స్కౌట్ల కాగితాల మీద అది చాలా పెద్ద దూరం.

డబ్బు లెక్క

పాంథర్స్ 2024లో మొదటి రౌండ్ చివరి ఎంపికగా, 32వ స్థానంలో, జేవియర్ లెగెట్ అనే రిసీవర్‌ని తీసుకున్నారు. అతని కోసం బఫెలో జట్టుతో బేరమాడి ఒక స్థానం పైకి జరిగారు కూడా. నాలుగేళ్ల ఒప్పందం విలువ సుమారు 1.2 కోట్ల డాలర్లు, మన రూపాయల్లో వంద కోట్ల లెక్క. కోకర్ సీజన్ ఆరంభంలో ఉన్నది ప్రాక్టీస్ జట్టులో. అక్కడ కొత్తవాళ్లకు ఆ ఏడాది కనీస వేతనం వారానికి 12,500 డాలర్లు, పది లక్షల రూపాయల పైచిలుకు. మనకది పెద్ద మొత్తమే, కానీ అది ఏ వారానికావారం జీతం. మంగళవారం పిలిచి ఇక చాలంటే అంతే. అసలు జట్టులోకి వస్తే కొత్తవాడి కనీసం ఏడాదికి 7,95,000 డాలర్లు, 18 వారాలకు పంచితే వారానికి 44 వేలు. ప్రాక్టీస్ జట్టుకీ అసలు జట్టుకీ మధ్య గుమ్మం దాటితే జీతం మూడున్నర రెట్లు.

ఆ గుమ్మం తెరిచింది ఇతరుల కష్టాలు. మొదటి రెండు ఆటల్లో పాంథర్స్ 47-10తో, 26-3తో ఓడారు. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపికగా తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ని కోచ్ డేవ్ కనాలెస్ పక్కన కూర్చోబెట్టాడు. మూడో ఆటలో అనుభవజ్ఞుడైన రిసీవర్ ఆడమ్ థీలెన్ తొడ కండరం పట్టేసింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, యంగ్ బదులు ఆడుతున్న ఆండీ డాల్టన్ కారు ప్రమాదంలో బొటనవేలికి దెబ్బ తగిలించుకున్నాడు. యంగ్ మళ్లీ వచ్చాడు. అక్టోబరు చివర డియాంటే జాన్సన్‌ని బాల్టిమోర్‌కి, నవంబరు మొదట్లో జొనథన్ మింగోని డాలస్‌కి ఇచ్చేశారు. ఇద్దరూ రిసీవర్లే. గెలిచే జట్టులో ఇంత ఖాళీ ఏర్పడదు. ఓడే జట్టు కొత్తవాడికి ఇచ్చే మొదటి వరం అవకాశం. అందుకే అక్కడ వచ్చిన క్యాచ్‌ల సంఖ్య చూసి సగమే నమ్మాలి. మిగతా సగం ఖాళీ కుర్చీలదే.

మరి ఏది నమ్మాలి? అదే బంతులు, అదే క్వార్టర్‌బ్యాక్, అదే చలి, అదే ఓటమి పంచుకున్న పక్కవాడితో పోల్చాలి.

లెగెట్‌కి ఆ ఏడాది 84 టార్గెట్లు వచ్చాయి. 49 పట్టాడు, 497 గజాలు, 4 టచ్‌డౌన్లు. కోకర్‌కి 46 టార్గెట్లతో 478 గజాలు. అంటే దాదాపు సగం బంతులతో ఇంచుమించు అన్ని గజాలు. టార్గెట్‌కి సగటు తీస్తే లెగెట్ 5.9, కోకర్ 10.4. లీగ్‌లో సాధారణ రిసీవర్ సగటు ఏడు, ఎనిమిది మధ్య తిరుగుతుంటుంది.

ఇక్కడే చప్పట్లు కొట్టేస్తే తొందరపాటు అవుతుంది. డిసెంబరు 15న డాలస్ మీద ఆడినప్పుడు, సొంత 17 గజాల గీత దగ్గర మొదలైన ఒక ప్రయత్నం కోకర్ చేతుల్లో ఏకంగా 83 గజాల టచ్‌డౌన్ అయింది. ఆట 30-14తో ఓడారు, కానీ ఆ పరుగు అందరికీ గుర్తుండిపోయింది. మొత్తం 478లో ఆ ఒక్కటే ఆరో వంతు. దాన్ని తీసేద్దాం, 45 టార్గెట్లకు 395 గజాలు మిగులుతాయి. సగటు 8.8. పది నుంచి దిగింది, అయినా సగటు రిసీవర్ కంటే పైనే, లెగెట్ కంటే దాదాపు మూడు గజాలు పైన. అతని ఏడాదిలో అత్యుత్తమ బంతిని చేతిలోంచి లాగేసుకున్నా ఈ మాత్రం నిలిచింది. నాకు ఇది 10.4 కంటే గట్టి అంకెగా కనిపిస్తుంది.

పట్టిన శాతం అంత గట్టిది కాదు. 46కి 32 అంటే దాదాపు 70 శాతం. లెగెట్‌ది 58. చూడ్డానికి చాలా తేడా. కానీ కోకర్ పట్టినవాటిలో నాలుగు జారి ఉంటే 61 శాతం అయ్యేది. లెగెట్ వదిలేసినవాటిలో నాలుగు చిక్కి ఉంటే 63. ఏడాది మొత్తమ్మీద చెరో నాలుగు బంతులు అటూ ఇటూ అయితే వరస తారుమారైపోతుంది. నలభై ఆరు అనేది అంత చిన్న సంఖ్య. శాతాలు చెప్పేవాళ్లు ఎన్నింటిలో అని చెప్పకపోతే ఆ మాట పక్కన పెట్టేయడమే మేలు.

'ఆడలేక మద్దెల ఓడు' అన్నట్టు, ఓడే జట్టులో రిసీవర్లు క్వార్టర్‌బ్యాక్ మీద నెపం వేయడం మామూలే. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు. ఆ మాట తేల్చడానికి సులువైన కొలత ఒకటుంది. క్వార్టర్‌బ్యాక్ విసిరిన ప్రతి బంతికి సగటున ఎన్ని గజాలు వచ్చాయో చూడాలి. రిసీవర్ టార్గెట్ సగటులోంచి దాన్ని తీసేయాలి. యంగ్ 2024లో 384 బంతులు విసిరి 2,403 గజాలు రాబట్టాడు, సగటు 6.3. కోకర్ ఆ సగటుకి 4.1 గజాలు పైన ఉన్నాడు, ఆ 83 తీసేస్తే 2.5 పైన. లెగెట్ 0.4 కింద. ఇది కచ్చితమైన తూకం కాదు. క్వార్టర్‌బ్యాక్ సగటులో బయటికి పారేసిన బంతులూ, పక్కనే ఉన్న రన్నింగ్ బ్యాక్‌కి, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి, అందించిన చిట్టి బంతులూ కలిసి ఉంటాయి కాబట్టి మామూలు రిసీవర్ కూడా కొంచెం పైనే తేలతాడు. డాల్టన్ విసిరిన వాటా కూడా ఇందులో లేదు. అయినా ఒకే జట్టులో ఇద్దరి మధ్య తేడా చూడ్డానికి చాలు.

లెగెట్ పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. కోకర్ ఎక్కువగా ఆడింది స్లాట్‌లో, అంటే మైదానం అంచున కాకుండా లోపలి వైపు. అక్కడ ఎటువైపైనా తిరగడానికి చోటు ఉంటుంది, ఎదుటి జట్టు అగ్రశ్రేణి కాపలాదారు తరచూ అంచునే ఉంటాడు. అదే పాంథర్స్‌లో థీలెన్‌ని చూడండి. గాయం వల్ల పదే ఆటలు ఆడి, 62 టార్గెట్లకు 48 పట్టి, 615 గజాలతో జట్టులో అందరికంటే ముందున్నాడు. సగటు 9.9. అప్పటికి అతని వయసు 34. లోపల ఆడేవాళ్లకి ఆ ఏడాది యంగ్ బంతి బాగా అందిందన్నమాట. ఇంకో సంగతి, థీలెన్‌ని కూడా 2013లో ఎవరూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు.

తొలి ఏడాది వెలిగినవాళ్లు

కోకర్‌కి ముందు ఇదే దారిలో వచ్చినవాళ్లలో నా దృష్టిలో అందరికంటే ఎక్కువ నేర్పేది అలెన్ హర్న్స్ కథ. మయామి విశ్వవిద్యాలయంలో చివరి ఏడాది 1,162 గజాలతో అక్కడి సింగిల్ సీజన్ రికార్డు తిరగరాశాడు. అయినా 2014 డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. జాక్సన్‌విల్ జాగ్వార్స్‌లో చేరాడు. ఆ జట్టు అదే డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లోనే ఇద్దరు రిసీవర్లను, మార్కీస్ లీనీ అలెన్ రాబిన్సన్‌నీ, తీసుకుంది. అంటే తలుపు తెరిచే ఉంది కానీ గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారు.

సెప్టెంబరు 7, ఫిలడెల్ఫియా. హర్న్స్ మొదటి ఆట. మొదటి క్వార్టర్ ముగిసేలోపే రెండు టచ్‌డౌన్లు, ఒకటి 34 గజాలది, మరొకటి 21 గజాలది. సగం ఆటకి జాగ్వార్స్ 17-0తో ముందున్నారు. మిగతా సగంలో ఫిలడెల్ఫియా వరసగా 34 పాయింట్లు కొట్టింది. తుది లెక్క 34-17. హర్న్స్‌కి 4 క్యాచ్‌లు, 110 గజాలు. ఆ ఏడాది జాగ్వార్స్ గతి ఏమిటో ఆ ఒక్క మధ్యాహ్నమే చెప్పేసింది. 3 గెలుపులు, 13 ఓటములు. 16 ఆటల్లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్‌లు 71 సార్లు నేల కరిచారు. ఆటకి నాలుగుసార్లకు పైగా బంతి విసరకముందే కింద పడుతుంటే రిసీవర్ ఎంత బాగా పరిగెత్తి ఏం లాభం?

ఏడాది చివరికి హర్న్స్ ఖాతాలో 51 క్యాచ్‌లు, 677 గజాలు, 6 టచ్‌డౌన్లు. గజాల్లో, టచ్‌డౌన్లలో జట్టులో అతనే మొదటివాడు. అయితే మొదటి ఆటను పక్కన పెడితే మిగిలిన 15 ఆటల్లో 567 గజాలు, ఆటకి 38, 4 టచ్‌డౌన్లు. మన కొలత పెడితే 97 టార్గెట్లకు సగటు 7.0, క్వార్టర్‌బ్యాక్ బ్లేక్ బోర్టల్స్ సగటు 6.1. ఒక గజం కూడా లేదు తేడా. బాగున్నాడు, అద్భుతం కాదు.

రెండో ఏడాది అద్భుతమే అయింది. 2015లో 64 క్యాచ్‌లు, 1,031 గజాలు, 10 టచ్‌డౌన్లు. టార్గెట్‌కి 9.8, బోర్టల్స్ సగటు 7.3. తేడా రెండున్నర గజాలకు పెరిగింది. లండన్ వెంబ్లీలో బఫెలో మీద ఆట ముగియడానికి రెండు నిమిషాల పైచిలుకు ఉండగా 31 గజాల టచ్‌డౌన్ పట్టి 34-31తో గెలిపించింది అతనే. 2016 జూన్‌లో జాగ్వార్స్ నాలుగేళ్లకు సుమారు 4 కోట్ల డాలర్ల ఒప్పందం చేతిలో పెట్టారు. రెండేళ్ల క్రితం ఉచితంగా దొరికిన కుర్రాడు!

తర్వాత గాయాలు పట్టుకున్నాయి. 2016లో 11 ఆటలు, 477 గజాలు, 3 టచ్‌డౌన్లు. 2017లో 10 ఆటలు, 484 గజాలు, 2 టచ్‌డౌన్లు. 2018 మార్చిలో వదిలేశారు. పడిపోయిన తీరు గమనించండి. 2015లో ప్రతి ఆరున్నర క్యాచ్‌లకు ఒక టచ్‌డౌన్, 2017లో ఇరవైకి ఒకటి. టచ్‌డౌన్ అంత నమ్మరాని అంకె ఫుట్‌బాల్‌లో మరోటి లేదు. గోల్ గీత దగ్గర ఆ వారం కోచ్ ఏ ఆట పిలిచాడన్నదే సగం తేలుస్తుంది. కోకర్ 2 టచ్‌డౌన్లే కొట్టాడని తీసిపారేయకపోవడానికీ, రేపు 10 కొడితే నెత్తిన పెట్టుకోకపోవడానికీ కారణం ఇదే.

హర్న్స్‌ని అదే 2014 డ్రాఫ్ట్‌లో 53వ ఎంపికగా గ్రీన్ బే ప్యాకర్స్ తీసుకున్న మరో రిసీవర్ పక్కన పెట్టి చూడాలి. అతను తొలి ఏడాది 446 గజాలు, రెండో ఏడాది 483. కలిపి 929. హర్న్స్ అదే రెండేళ్లలో 1,708. 2015 చివర ఎవరిని అడిగినా ఇద్దరిలో ఎవరు మేలో సందేహం లేకుండా చెప్పేవారు. ఆ రెండోవాడు డవాంటే ఆడమ్స్. తర్వాత 10 వేల గజాలు దాటి ఈ తరంలో మేటి రిసీవర్లలో ఒకడయ్యాడు. హర్న్స్ ఆరు సీజన్లలో 3,380 గజాలతో ఆగిపోయాడు. తొలి ఏడాది ఆడమ్స్ ముందు వరసలో జోర్డీ నెల్సన్ 1,519 గజాలు, ర్యాండల్ కాబ్ 1,287 గజాలు తీసుకుపోయారు. 12-4తో గెలుస్తున్న జట్టులో మూడోవాడికి మిగిలిందే 446. గెలిచే జట్టు మంచి రిసీవర్‌ని దాచేస్తుంది, ఓడే జట్టు మామూలువాడిని కూడా బయటపెడుతుంది.

ఇంకా వింత కావాలంటే 2019 మయామి డాల్ఫిన్స్‌ని చూడండి. మొదటి ఏడు ఆటలూ ఓడిన జట్టు. అందులో ప్రెస్టన్ విలియమ్స్ అనే డ్రాఫ్ట్ కాని కొత్తవాడు ఎనిమిది ఆటల్లో 60 టార్గెట్లు, 32 క్యాచ్‌లు, 428 గజాలు, 3 టచ్‌డౌన్లు చేశాడు. కోకర్ లాగే 32. జట్టు ఆ సీజన్‌లో మొట్టమొదటిసారి గెలిచిన రోజున, జెట్స్ మీద, రెండు టచ్‌డౌన్లు పట్టి, అదే ఆటలో ఎదుటివాళ్లు తన్నిన బంతిని (పంట్) తిరిగి తెస్తూ మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. మరుసటి ఏడాది 288 గజాలు, ఆ పై ఏడాది 71. మన కొలత ప్రకారం అతను ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌ల ఉమ్మడి సగటుకి అరగజం కూడా పైన లేడు. కాబట్టి పట్టిన బంతులు సమానమైనంత మాత్రాన కోకర్‌నీ విలియమ్స్‌నీ ఒకే గాటన కట్టడం కుదరదు. ఆ ఏడాది అదే డాల్ఫిన్స్‌లో సరిగ్గా 32 క్యాచ్‌లు పట్టిన ఇంకొకడున్నాడు. తిరిగి తిరిగి అక్కడికి చేరిన అలెన్ హర్న్స్. అతనికి అదే చివరి సీజన్.

గేటు దగ్గర ఆపేసిన కుర్రాడు

ఇదంతా చదివి ఓడే జట్టులో వెలిగినవాళ్లంతా ఆరిపోతారనుకుంటే వేన్ క్రెబెట్ ఒప్పుకోడు. 1995లో న్యూయార్క్ జెట్స్ శిబిరానికి వచ్చిన అయిదడుగుల పది అంగుళాల మనిషి. చదివింది హోఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయం, అప్పట్లో జెట్స్ సాధన చేసేదీ ఆ ప్రాంగణంలోనే. రిసీవర్ల జాబితాలో అతని పేరు పదకొండోది. ఆటగాడినంటే గేటు దగ్గర కాపలావాడు నమ్మక లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాది 66 క్యాచ్‌లు, 726 గజాలు, 4 టచ్‌డౌన్లు. జెట్స్ 3-13.

మరుసటి ఏడాది జెట్స్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపికను రిసీవర్ కీషాన్ జాన్సన్ మీద వాడారు. జట్టు ఇంకా దిగజారింది, 1-15. కానీ క్రెబెట్ 84 క్యాచ్‌లు, 909 గజాలు. జాన్సన్ 63 క్యాచ్‌లు, 844 గజాలు. టచ్‌డౌన్లలో మాత్రం జాన్సన్ 8, క్రెబెట్ 3. తర్వాత జాన్సన్ రాసిన పుస్తకంలో క్రెబెట్‌ని జట్టు మస్కట్ కింద జమకట్టాడు. 2000 సెప్టెంబరులో, అప్పటికి టాంపా బే చేరిన జాన్సన్, వారిద్దరినీ పోల్చడం నక్షత్రాన్నీ టార్చిలైటునూ పోల్చడమేనన్న ధోరణిలో మాట్లాడాడు. ఆ ఆదివారం 52 సెకన్లు మిగిలి ఉండగా రన్నింగ్ బ్యాక్ కర్టిస్ మార్టిన్ విసిరిన 18 గజాల బంతిని ఎండ్ జోన్‌లో పట్టి జెట్స్‌ని 21-17తో గెలిపించింది క్రెబెట్. ఆ రోజు జాన్సన్ లెక్క ఒక క్యాచ్, ఒక గజం. ఇలాంటి రోజులు ఉంటాయి కాబట్టే అంకెలు చూసే పిచ్చివాళ్లం కూడా ఆట చూస్తాం. క్రెబెట్ 11 సీజన్లు ఒకే జట్టుకి ఆడి 580 క్యాచ్‌లు, 7,365 గజాలతో ముగించాడు. ఆపింది ఎదుటివాళ్లు కాదు, తలకి తగిలిన దెబ్బలు.

క్రెబెట్ లెక్కలో నాకు ముఖ్యమైనది 66 కాదు, 84. డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంచుకున్నవాడిని పక్కన నిలబెట్టినా బంతి ఇతనికి రావడం తగ్గలేదు. సియాటిల్‌లో 2011లో, క్రెబెట్ లాగే డ్రాఫ్ట్ కాని రిసీవర్ డగ్ బాల్డ్‌విన్ విషయం వేరుగా నడిచింది. తొలి ఏడాది 51 క్యాచ్‌లు, హర్న్స్ పట్టినన్నే, 788 గజాలు. జట్టు 7-9. తర్వాత వరసలో మనుషులు పెరిగి అంకెలు తగ్గాయి, మళ్లీ లేచి 2015లో 14 టచ్‌డౌన్లు కొట్టాడు.

ఇక డ్రాఫ్ట్ కానివాళ్లలో అందరికంటే ఎక్కువ గజాలు సంపాదించిన రిసీవర్ రాడ్ స్మిత్. 849 క్యాచ్‌లు, 11,389 గజాలు, అన్నీ డెన్వర్ బ్రాంకోస్‌కే. అతని మొదటి క్యాచ్ 1995లో వాషింగ్టన్ మీద, ఆట ఆఖరి బంతికి, 43 గజాల టచ్‌డౌన్. ఇంత గొప్ప ఆరంభం ఎవరికి ఉంటుంది? కానీ ఆ ఏడాది మొత్తం అతని క్యాచ్‌లు ఆరు. ఆ ముందు ఏడాది ప్రాక్టీస్ జట్టులోనే గడిచిపోయింది, ఒక్కటీ లేదు. థీలెన్‌ది కూడా అదే దారి. తొలి ఏడాది సున్నా, రెండో ఏడాది 8, మూడో ఏడాది 12, నాలుగో ఏడాది 69. తొలి ఏడాది అంకెలు చూసి జాబితా వేస్తే ఈ ఇద్దరి పేర్లూ అందులో ఉండేవే కావు.

కాబట్టి కోకర్ 32 క్యాచ్‌ల మీద నా తీర్పు ఇది. అతను ఈ లీగ్‌లో ఆడగలడా అన్నదానికి సమాధానం వచ్చేసింది, ఆడగలడు. 83 గజాలు తీసేసినా 8.8 సగటు నిలిచింది, అదే బంతులు పంచుకున్న మొదటి రౌండ్ ఆటగాడి కంటే పైన నిలిచింది. ఎంత ఎత్తుకు వెళతాడన్నదానికి ఈ అంకెల్లో జవాబు లేదు. 46 టార్గెట్లకు అంత చెప్పే శక్తి లేదు. ఇక చూడాల్సింది ఆటకి టార్గెట్లు. 2024లో అవి 4.2. మంచివాళ్లంతా కాళ్ల మీద నిలబడి ఉన్నప్పుడు ఆ అంకె ఆరు దాటితే, సగటు ఎనిమిది దగ్గర నిలబడితే, అప్పుడు మాట్లాడుకోవచ్చు.

పాంథర్స్ మాత్రం ఆ అంకె కోసం ఆగలేదు. 2025 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో ఎంపికగా మరో రిసీవర్, టెటైరోవా మెక్‌మిలన్‌ని తెచ్చుకున్నారు. ఆ ఆగస్టులో థీలెన్‌ని తిరిగి మిన్నెసోటాకి పంపేశారు. ఒక కుర్చీ నిండింది, ఒకటి ఖాళీ అయింది. డ్రాఫ్ట్ కానివాళ్ల మొదటి ఒప్పందం లీగ్ నిబంధన ప్రకారం మూడేళ్లే, మొదటి రౌండ్‌వాళ్లలా నాలుగేళ్లూ ఆపై ఐదో ఏడాది మెలికా కాదు. కోకర్‌ది 2026 సీజన్‌తో పూర్తవుతుంది. ఆ లెక్కన జీతం బేరానికి లెగెట్ కంటే కోకరే ముందు కూర్చుంటాడు.